ఆరకముందే

చిత్తూరు రిజిస్ట్రారాఫీసు ముందర
రేకుల పంచలో మూడోది నా బల్ల.
పొద్దున పదికి పెన్నులో సిరా పోస్తాను,
పొద్దుగూకేలోపల
ఒక మడో, రెండు గుంటలో, ఎవరిదో మిద్దో
ఈ చేతిలోంచి ఆ చేతిలోకి పోయుంటాది.

ఆ రాతకు తొందర పనికిరాదు.
తూర్పున గంగిరెడ్డి గట్టు,
పడమర వంక పోరంబోకు,
ఉత్తరాన మామిడితోపు, దక్షిణాన బండిబాట.
కొట్టివేత పడితే పక్కన సంతకం,
పేరు తప్పితే కాగితమే దండగ.

పారెయ్యను.
తిప్పి, వెనకపక్క బొమ్మలు గీస్తాను.
అదే పెన్ను, అదే సిరా,
చెయ్యి మాత్రం వేరే ఎవరిదో.

గేటుకాడ మునిలక్ష్మి మామిడికాయ కోస్తాంటే
కత్తి దిగిందాకా ఆగను,
కత్తి పైనుండంగానే గీత.
ఉప్పుకారం చల్లే వేళ్ళకు నాలుగు చుక్కలు,
ముక్కుపుల్లకు ఒకటి,
తక్కిందంతా నోరే.
"ఏం రైటరు సామీ,
నన్నూ ఎవరికన్నా రాసిచ్చేస్తాండావా?"

జూన్ నెలంతా రోడ్డు నిండా తోతాపురి ట్రాక్టర్లు,
గుజ్జు ఫ్యాక్టరీ గేటు తీస్తే కదులుతాయి, లేకుంటే లేదు.
ఒక ట్రక్కు కింద రెండు పాదాలు.
పాదాలు గీసి మోకాళ్ళకు పొయ్యేలోపల
ఎవరో ఈల ఊదినారు, వరస కదిలింది,
పాదాలు లేచి పరిగెత్తినాయి.
ఇప్పుటికీ నా కట్టలో ఆ మనిషి అంతే,
రెండు మడమలు, పైన టోకెను నంబరు
నూట నలభై రెండు.

మేకొకటి వచ్చి స్టాంపు కాగితం కొరికింది.
ఒక చేత్తో అదిలిస్తానే ఇంకో చేత్తో గీసినాను.
మేక సరిగా రాలేదు,
నా కోపం మాత్రం బాగా కుదిరింది.

పక్కబల్ల దొరసామి మొదలియారు అంటాడు,
"కన్ను పెట్టు, చెవి పెట్టు,
సగంలో వదిలేస్తే దాన్ని బొమ్మంటారా?"
ఆయన మాట పడనియ్యకుండా
రెండుసార్లు పూర్తిచేసి చూసినాను.
రెండుసార్లూ
కాగితం మీదికి ఫోటోకి కూర్చున్న పెద్దమనిషి వచ్చినాడు,
బీడీ అంటించుకుంటా ఉన్నవాడు యాడికో పోయినాడు.

గుడిపాల పక్కనుంచి చెంగమ్మ వచ్చింది.
మూడు బోర్లేసినా చెమ్మ తగల్లేదంట,
ఎనభై సెంట్లు అమ్ముతాంది.
పాసుబుక్కు గుడ్డసంచిలో పెడతాది, తీస్తాది,
మళ్ళా పెడతాది.
నాకు వీపు తిప్పి అరుగు మీద కూర్చోనుండాది.

మెడకాడ మొదలుపెట్టి
ఊపిరి బిగబట్టి ఒకటే గీత లాగినాను నడుముదాకా.
కొప్పు ఒక మెలిక.
సంచి మొదలుపెట్టేలోపల
లోపల్నించి పేరు పిలిచినారు.

ఆమె తిరిగొచ్చేసరికి
ఎడమ బొటనవేలు నల్లగా,
చీరకు తగలకుండా దూరంగా పట్టుకోనుండాది,
దెబ్బ తగిలిన వేలు పట్టుకున్నట్టు.
నా బల్లకాడ నిలబడి కిందికి చూసింది.

"ఎవురు నాయనా, ఇది?"
నేను పలకలేదు.
"నా వీపే."
కొంచేపు చూసింది.
"అరవయ్యేళ్ళు మోసినాను,
దీన్ని ఎన్నడూ చూళ్ళేదే."

సరిగ్గా ఆ గీత ఎట్లా వంగిందో చూడాలని
వేలు పెట్టింది. పెట్టకూడని వేలు.

నడుము కింద, నేల ఉండాల్సిన చోట
సన్నసన్నని గీతలు,
ఒకదాని పక్కన ఒకటి, సుళ్ళు తిరిగి,
ఎద్దుల్ని మలిపినచోట సాళ్ళు వంగినట్టు.
ముప్పయ్యేళ్ళుగా గీస్తాండా,
అంత తొందరగా, అంత నిజంగా
ఒక్క గీతా నాకు పడలేదు.

"అయ్యో, పాడుచేస్తినే" అని ఆయమ్మ,
"లేదమ్మా, లేదు" అని నేను,
అద్దుడు కాగితానికి పోయిన చెయ్యి
దారిలోనే ఆపేసినాను.

పలమనేరు బస్సు హారను కొట్టింది.
మునిలక్ష్మి గంప ఎత్తుకుంటాంది,
దొరసామి కళ్ళద్దాలు తుడుస్తాండాడు,
చెంగమ్మ కొళాయికాడ వేలు రుద్దుకుంటాంది,
అది పోలేదు.

పెన్నుకు మూత పెట్టాల.
పెట్టలేదు.